కూర్చుంటే ఒకరు, పడుకుంటే ఒకరు

పసిబిడ్డ నడినెత్తిన ఎముక ఇంకా కూడక మెత్తగా కొట్టుకునే చోటును మావైపు మాడు అంటారు. రోజూ పొద్దున ఆ చోట ఆముదం అద్ది, బొటనవేలితో తడిమి, ఎంతవరకు కూడుకుందో చూడటం ఇంట్లో పెద్దామె పని. మా అత్త ఏడెనిమిది నెలల పాటు పొద్దున్నే రెండు మాడులు తడిమేది. ఒకటి నా కూతురిది, రెండోది నా మొగుడిది. ఒకే గిన్నెలో ఆముదం, ఒకే బొటనవేలు.

చెబితే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. నాకు మాత్రం ఆ రోజుల్లో నవ్వు రాలేదు. ఆ ఇంట్లో పట్టపగలు ఒక్కదాన్నే ఉండాలన్నా భయంగా ఉండేది.

మా ఊరు మార్కాపురానికీ తర్లుపాడుకీ మధ్యన. అత్త నాకు పరాయిది కాదు, మా నాయనకు సొంత అక్క. ఆమె కొడుకుకే నన్నిచ్చారు. మామ అప్పటికే పోయాడు. బావ పలకల గనిలో పనిచేసేవాడు. గుంటలోకి దిగి, రాతిగోడకు ఉలి పెట్టి, బడిపిల్లలు రాసుకునే నల్ల పలకల కోసం రాయిని పెళ్ళలు పెళ్ళలుగా విడదీసేవాడు. మనిషికి మాటలు తక్కువ, కోపం ఎక్కువ. కూరలో ఉప్పు తక్కువైతే చెప్పేవాడు కాదు, కంచం పక్కకు జరిపేవాడు. నాకూ నోరు తక్కువేం కాదు. అందరి కాపురాల్లాగే మా కాపురమూ నడిచిపోయేది.

చంటిదానికి ఇంకా మెడ నిలవని రోజుల్లో, ఒక పొద్దున గనిగోడ నుంచి పెద్ద పెళ్ళ ఒకటి దానంతటది విడిపోయి ఆయన తల మీద పడింది. తోటివాళ్ళు మంచం మీద మోసుకొచ్చి రైలెక్కించారు. గుంటూరులో ఒక మిషను ఆసుపత్రి ఉండేది. అప్పుడే రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. సైన్యంలో పనిచేసి తిరిగొచ్చిన డాక్టరు ఒకాయన అక్కడ ఉన్నాడు. తలకాయలు పగిలిన సిపాయిలను చాలామందిని చూసిన మనిషి. ఆయన బావ నెత్తి కుడిపక్కన నుగ్గయిపోయిన ఎముక ముక్కలన్నీ ఏరేసి, గాయం కడిగి, పైన చర్మం కుట్టాడు. అరచేయంత మేర కింద ఎముక లేదు, ఉత్త చర్మమే.

బతుకుతాడని ఎవరూ అనుకోలేదు. చాలా రోజులు కళ్ళు తెరవలేదు. తెరిచాక కూడా ఆ కళ్ళు ఎవరిని చూస్తున్నాయో తెలిసేది కాదు. తర్వాత కొద్దికొద్దిగా మాట వచ్చింది, కాలు కదిలింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్నూ అత్తనూ మా నాయననూ కూర్చోబెట్టి చెప్పాడు.

"ఇప్పుడే ఎముక అమరిస్తే చీము పడుతుందమ్మా. గాయం బాగా మానాలి. ఈ వానలు పోయి చలి మొదలయ్యాక తీసుకురండి, పక్కటెముకలోంచి కొంత తీసి అక్కడ పెడతాను. అంతకంటే ఆలస్యం మాత్రం చెయ్యకండి. ఆ చోటు లోపలికి కుంగిపోతే మనిషికి మంచిది కాదు."

నేను ఆ మాటలన్నీ మనసులో మూటకట్టుకున్నాను. అత్త మాత్రం గాయం మానాలన్న మాటే పట్టుకుని ఇంటికొచ్చింది.

మొదట్లో ఆ చోటు ఉబ్బి ఉండేది. దగ్గితే ఇంకా పైకి లేచేది. ఊరికే ఉన్నప్పుడు కూడా చర్మం కింద టపటప కొట్టుకోవడం కంటికి కనబడేది. నేను అటు చూడలేక మొహం తిప్పుకునేదాన్ని. అత్త మాత్రం దాని మీద వేలు పెట్టి చూసి, మనవరాలి నెత్తి మీద కూడా పెట్టి చూసి, మొదటిసారి మొహం విప్పి నవ్వింది.

"ఇది మాడే గదే! దేవుడు మళ్ళ చంటిబిడ్డను చేసి పంపినాడు. బిడ్డకు కూడుకోదా? అట్లనే వీనిదీ కూడుకుంటాది. దీనికి కోతలెందుకు, వాతలెందుకు?"

ఆ రోజు నుంచి ఇద్దరికీ ఆముదం. చంటిదాన్ని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసి, దాని పని అయ్యాక కొడుకును పీట మీద కూర్చోబెట్టేది. ఎంత ముద్దుగా చేసేదో! అంత మనిషి తల వంచుకుని కూర్చుంటే, తల్లి లాలిపాడుతూ నెత్తికి ఆముదం అద్దుతుంటే, చూసిన ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

వానలు పోయాయి. ఉబ్బు తగ్గింది. తర్వాత చదునైంది. తర్వాత కొట్టుకోవడం కూడా కనబడకుండా పోయింది. బిడ్డ మాడు కూడుకునేటప్పుడు జరిగేదీ అదే గదా, మెల్లగా కొట్టుకోవడం తగ్గుతుంది. అత్త సంతోషానికి హద్దు లేదు. "కూడుకుంటాంది, కూడుకుంటాంది" అని ఇంటింటికీ తిరిగి చెప్పింది. నేను పక్క నుంచి చూస్తే అది కూడుకుంటున్నట్టు లేదు. దిగిపోతున్నట్టు ఉంది.

అది దిగేకొద్దీ మనిషి కూడా దిగిపోయాడు. బిడ్డను కూర్చోబెడితే గట్టిపడుతుందని, ఎప్పుడూ పడుకుని ఉంటే ఇంటికి అరిష్టమని, అత్త ఆయన్ను పొద్దున్నే లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టేది, రాత్రి కూడా ఎత్తైన దిండ్లకు ఆనించే ఉంచేది. అట్లా కూర్చోబెట్టిన కాసేపటికి బావ ఉండేవాడు కాదు. మనిషి అక్కడే ఉండేవాడు. మొహం అదే. కానీ కళ్ళు ఎదుటి గోడ మీద ఒక్కచోట నిలిచిపోయేవి, అక్కడ ఏమీ లేకపోయినా. ముద్ద పెడితే నమలడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయేవాడు, ఆ ముద్ద బుగ్గలోనే ఉండిపోయేది. ఎడమచెయ్యి ఒళ్ళో పడి ఉండేది. ఒక్కోసారి దానంతటది లేచి, పంచె అంచును ఏదో వెతుక్కుంటున్నట్టు తడిమేది. పక్కనే కూర్చున్నా నేను ఆ చెయ్యిని పట్టుకునేదాన్ని కాదు. నిజం చెబుతున్నాను, నాకు దాన్ని ముట్టుకోవాలంటే భయం.

చంటిది అప్పుడప్పుడే పాకడం నేర్చింది. తండ్రి కాళ్ళ దాకా ఉత్సాహంగా పాకి, తలెత్తి ఆ మొహం చూసి, ఏడవకుండా మెల్లగా వెనక్కి తిరిగేది. ఏడ్చి ఉంటే బాగుండేది అనిపించేది నాకు.

గనిలో ముందెప్పుడో ఒకడు నీళ్ళలో మునిగి చచ్చాడట. వాడే గాలై వచ్చి కూర్చుంటున్నాడని ఊళ్ళో అనుకున్నారు. పిడకలకో నిప్పుకో వచ్చే ఆడవాళ్ళు రావడం మానేశారు. అత్త వాళ్ళ మీద దుమ్మెత్తి పోసింది. నా మటుకు నాకు వాళ్ళ మీద కోపం రాలేదు, ఎందుకంటే గోడకు ఆనుకుని కూర్చున్న ఆ మనిషి ఎవరో నాకూ తెలియదు.

ఒక మధ్యాహ్నం అత్త పొలానికి పోయింది. ఆయన ఒరిగిపోతుంటే కూర్చోబెట్టే ఓపిక లేక, తల కింద దిండు కూడా పెట్టకుండా చాప మీద పడుకోబెట్టాను. పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఎందుకో తల వైపు చూశాను. ఆ గుంట నిండుతోంది. చెలమలో నీళ్ళు ఊరినట్టు అడుగు నుంచి మెల్లమెల్లగా పైకి వస్తోంది. చేట వదిలేసి అట్లాగే చూస్తూ ఉండిపోయాను. గుంట నిండేకొద్దీ కళ్ళలోకి మనిషి వచ్చాడు. ముందు రెప్పలు ఆడాయి. తర్వాత చూపు గోడను వదిలి నా మీదికి వచ్చింది.

ఆయన నన్ను పేరు పెట్టి పిలిచాడు. పెళ్ళయినప్పటి నుంచి ఏనాడూ పిలవలేదు. మావైపు మగవాళ్ళు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవరు.

"పాప యాడుంది?" అన్నాడు.

తెచ్చి పక్కన పడుకోబెట్టాను. అది ఆయన రొమ్ము మీదికెక్కి ముక్కు పట్టుకుని లాగింది. అదే మొహం, అదే బిడ్డ. కాసేపటి ముందు చూసి వెనక్కి తిరిగింది కూడా ఇదేనా అనిపించింది నాకు.

అప్పటి నుంచి అత్త ఇంట్లో లేనప్పుడల్లా పడుకోబెట్టేదాన్ని. గుంట నిండేదాకా కూర్చుని చూసేదాన్ని. బావ వచ్చేవాడు. వచ్చి, ముందురోజు ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి మాట అందుకునేవాడు, మధ్యలో ఏ పొద్దూ గడవనట్టు. సగం చెప్పిన మాటకు మిగతా సగం మరుసటి రోజు వినాల్సి వచ్చేది. ఎంత మాట్లాడేవాడో! ఆ నోట్లో అన్ని మాటలున్నాయని నాకేం తెలుసు? నన్ను రాచర్ల పక్కన మా నాయన మందలో చూశాడట. గొర్రెపిల్లను భుజాన వేసుకుని వాగు దాటుతున్నానట. ఆ పిల్లనే చేసుకుంటానని అన్నం మానేసి తల్లితో పోరాడాడట. పెద్దవాళ్ళు కలిపేశారు కాబట్టి కట్టుకున్నాడని నేను అన్నేళ్ళూ అనుకున్నాను. నా చేతి పప్పు బాగుంటుందని కూడా చెప్పాడు. విని నేను గుడ్లప్పగించి చూశాను. ఆ మధ్యాహ్నాలు లేకపోతే నేను ఏ బావిలోనో పడి ఉండేదాన్నేమో.

ఒకరోజు అడిగాను. "బావా, కూసోబెడితే నీకేమైతాది?"

"అందరూ దూరం పోతారు. నేను గుంటలో నిలబడి పైకి చూసినట్టుంటాది. మిమ్మల్ని కేకేస్తా, ఇనపడదు." నా మొహంలోకి చూసి అడిగాడు. "నేను లేనప్పుడు ఈడ ఎవురు కూసోని ఉంటారు?"

చంటిదాన్ని ఎత్తుకుని లేచాను.

భయపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ గుంట నిండటానికి రోజురోజుకూ ఎక్కువసేపు పడుతోంది. మొదట్లో నేను ఓ గుప్పెడు బియ్యం ఏరేలోగా వచ్చేవాడు. తర్వాత చేటెడూ అయిపోయినా రాలేదు. చలి వచ్చింది, చలి పోతోంది కూడా. ఒకరోజు పడుకోబెట్టినా రాకపోతే? డాక్టరు పెట్టిన గడువు దాటిపోతోందని, గుంటూరు పోదామని అత్తతో మొత్తుకున్నాను.

"కూడుకునే మాడు మీద కత్తి పెట్టిస్తావా? నువ్వు పెండ్లానివా, పగదానివా?" అంది.

"అది కూడుకోవడం గాదత్తా, కుంగిపోతాంది. పండుకోబెట్టి చూడు, నీకే తెలుస్తాది."

"పండుకోబెట్టి పండుకోబెట్టి నువ్వే వాన్ని పాడు జేస్తాండావు."

ఆ రోజు నుంచి పొలానికి పోవడం కూడా మానేసి కొడుకు పక్కనే కాపలా కూర్చుంది. మా నాయనకు కబురు పెడితే వచ్చాడు కానీ, అక్క ఎదుట ఆయన నోరు ఏనాడు లేచింది గనుక? "అక్క పెద్దది, ఆమెకు తెల్దా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరినీ నోటికొచ్చినట్టు తిట్టాను.

అత్తకు ఒక మొక్కు ఉంది. మాడు కూడితే తండ్రికీ బిడ్డకూ కలిపి మార్కాపురం చెన్నకేశవుని గుడి దగ్గర పుట్టెంట్రుకలు తీయిస్తానని. కూడిందని తనే తేల్చేసి, ఎండలు ముదరక ముందే మా నాయన చేత బండి కట్టించింది. దారంతా బావను కూర్చోబెట్టే తీసుకొచ్చింది. మంగలి ముందు బిడ్డ తల గొరిగాడు. అది ఏడ్చి ఏడ్చి నా భుజం మీద సొమ్మసిల్లింది. తర్వాత బావ తల తడిపి కత్తి ఆనించాడు. దెబ్బ తగిలాక జుట్టు బాగా పెరిగి ఉంది. ఆ గుంట ఎంత లోతో ఊళ్ళో ఎవరికీ తెలియదు, నాకే సరిగ్గా తెలియదు. జుట్టు పాయలు పాయలుగా రాలుతుంటే బయటపడింది. కుడిపక్కన తల లేదు. ఎవరో గరిటెతో తీసేసినట్టు ఉంది. మంగలి చెయ్యి ఆగిపోయింది.

"అవ్వా, ఈడ కత్తి ఆడదు" అన్నాడు, కత్తి కింద పెట్టి వెనక్కి జరిగి.

ఆ మాటతోపాటే బావ పక్కకు ఒరిగాడు. ఎడమచెయ్యి గాలిలో ఒక్కసారి వెతుక్కుని పడిపోయింది. చుట్టూ చేరిన జనం గుసగుసలు మానేశారు. అత్త మాత్రం ఇంకా, "ఏం గాలేదు, ఎండకు సొమ్మసిల్లినాడు, కూసోబెట్టండి" అంటూనే ఉంది.

నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెగువ. ఆయన్ను లేపి కూర్చోబెట్టి, నాయనను వెనక నుంచి పట్టుకోమన్నాను. అత్త సంచిలోంచి ఆముదం సీసా లాక్కున్నాను. ముందు నా బిడ్డ బోడినెత్తి మీద పోశాను. ఆముదం జారి కనుబొమ్మల మీదికి, చెంపల మీదికి కారింది. తర్వాత బావ నెత్తి మీద పోశాను. అది ఎక్కడికీ కారలేదు. ప్రమిదలో నిలిచినట్టు ఆ గుంటలోనే నిలిచింది. కొద్దిగా కదులుతోంది కూడా, లోపల ఊపిరి తీసుకుంటున్నట్టు.

"కూడిన మాడు ఇట్లుంటాదా అత్తా? చూడు. చూసి చెప్పు."

అత్త చూసింది. మనవరాలి తల చూసింది, మళ్ళీ కొడుకు తల చూసింది. కొంగుతో ఆ ఆముదాన్ని అద్దడం మొదలుపెట్టింది. అద్దుతూ అద్దుతూ అక్కడే కూలబడి రొమ్ము బాదుకుంది. నాయన మొదటిసారి అక్కను అడక్కుండా ఎద్దులను స్టేషను వైపు తిప్పాడు. అత్త ఏడుస్తూనే లేచి బండెక్కింది.

రైల్లో ఆయన్ను చెక్కబల్ల మీద చాచి పడుకోబెట్టాను, కాళ్ళ కంటే తల కొద్దిగా పల్లంగా ఉంచి. దొనకొండ వచ్చింది, పోయింది. గుంట నిండలేదు. నేను దాని మీద నుంచి చూపు తిప్పలేదు. దిగిపోయే జనం, ఎక్కే జనం, ఎవరి మొహమూ గుర్తులేదు. గుంటూరు దగ్గర పడుతుండగా రెప్పలు ఆడాయి. పేరు పెట్టి పిలిచాడు. "వచ్చినా" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అప్పుడు ఆ ఎడమచెయ్యికే నా చెయ్యిచ్చాను.

డాక్టరు చూసి మమ్మల్ని కేకలేశాడు. "చలిలో రమ్మంటే ఇప్పుడా రావడం! కూర్చుంటే బయటి గాలి బరువంతా మెదడు మీద పడి నొక్కేస్తుంది. పడుకుంటే లోపలి నీరు పైకి వచ్చి కాస్త ఆసరా ఇస్తుంది. ఇన్నాళ్ళు ఆ ఆసరాతోనే బతికాడు."

"గాలే గదయ్యా, ఊళ్ళో అందరూ అదే అనిరి" అంది అత్త. ఆమె ఏడుస్తూ అన్నా డాక్టరుకు నవ్వొచ్చింది. బావను లోపలికి తీసుకెళ్ళి తలుపు మూయబోతుంటే, అత్తే డాక్టరు చెయ్యి పట్టుకుని, "కత్తి పెట్టు నాయనా, పెట్టు" అంది.

పక్కటెముక తీసి, చీల్చి, ఆ ఖాళీలో పేర్చి కుట్టారు. గాయం ఆరేదాకా పడుకోబెట్టే ఉంచారు. ఆ రోజుల్లో ఆయన ఎక్కువ నిద్రలోనే ఉన్నాడు. తర్వాత ఒక పొద్దున డాక్టరు దిండ్లు ఒకటి మీద ఒకటి పెడుతూ కొద్దికొద్దిగా లేపాడు. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. ఎంత లేపితే ఎంత దూరం పోతాడో నాకు తెలుసు, ఆ దూరం నా ఒంటికి తెలుసు. పూర్తిగా కూర్చోబెట్టారు. కళ్ళు గోడ మీదికి పోయాయి. గోడ మీది నుంచి కిటికీకి, కిటికీ నుంచి తల్లికి, తల్లి నుంచి నాకు తిరిగాయి.

"ఏమే, గని కాడికి పొద్దుపోతాంది. సద్ది గట్టినావా?" అన్నాడు.

అత్త ఆ మంచం చుట్టూ తిరిగి దిష్టి తీసింది. నాయన వసారాలోకి పోయి తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్నాను, అది అబద్ధం కాదు. నా చంకలో ఉన్న పిల్లను చూసి, "ఎవురి పిల్ల?" అని ఆయన అడిగేదాకా నాకు ఇంకేమీ తట్టలేదు. ఆయనకు తెలిసిన బిడ్డకు ఇంకా మెడ నిలవదు.

ఇంటికొచ్చాం. నిలబడ్డాడు, నడిచాడు, కొన్నాళ్ళకు గనిగట్టు మీద కూర్చుని పలకలకు అంచులు చెక్కే పనికి పోయాడు. కూతురిని మెల్లగా మాలిమి చేసుకున్నాడు. కోపం వచ్చింది, కంచం జరపడం వచ్చింది. పిలవడమంటే మళ్ళీ "ఏమే" అనే. ఊళ్ళో ఆడవాళ్ళు మళ్ళీ నిప్పుకు రాసాగారు.

ఒక మధ్యాహ్నం అన్నం తిని చాప మీద నడుం వాల్చాడు. నేను పక్కన చేట పెట్టుకుని కూర్చుని, బియ్యం ఏరడం మరిచిపోయి ఆయన మొహం వైపే చూస్తున్నాను. కళ్ళు తెరిచి చూశాడు.

"ఏందట్ల జూస్తాండావు?"

"నువ్వు జబ్బులో ఉన్నప్పుడు నాతో శానా మాటలు జెప్పినావు. యాదికి ఉండాయా?"

"లేదే. ఏం జెప్పినా?"

మంద, వాగు, గొర్రెపిల్ల, అన్నీ నోటి దాకా వచ్చాయి. ఆయన నిజంగానే తెలుసుకోవాలని చూస్తున్నాడు. నేను చెబితే నమ్ముతాడేమో కూడా. కానీ నా నోటితో చెప్పి ఆయనకు నేర్పించడానికి నాకు మనసు రాలేదు.

"నా చేతి పప్పు బాగుంటాదని జెప్పినావు" అన్నాను.

"నేనా?" గట్టిగా నవ్వాడు. "నేనట్ల జెప్పనే!" అని పక్కకు తిరిగి పడుకున్నాడు.

నిజమే. ఈయన చెప్పడు.